పాట మారే చోట జోరు తగ్గకుండా మీరేం చేస్తున్నారు?

టవర్‌క్లాక్ కుర్రాడు · అనంతపురం · శనివారం రాత్రి 11:48

అందరికీ నమస్కారం. రిసెప్షన్లకూ కాలేజీ వేడుకలకూ పాటలు వేస్తుంటాను. చిన్న కంట్రోలరు, ల్యాప్‌టాప్, అంతే. సమస్య ఇదీ: రెండు పాటల బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్క) కలుస్తుంది, సింక్ నొక్కితే బీట్లు సరిగ్గా కూర్చుంటాయి, శ్రుతి కూడా చూసుకుంటాను. అయినా పాట మారే ఆ పదిహేను ఇరవై సెకన్లలో జనం చల్లబడిపోతున్నారు. అప్పటిదాకా ఎగురుతున్న పెళ్లికొడుకు స్నేహితులు చేతులు దించేస్తారు, ఒకరు ఫోను తీస్తారు, ఇద్దరు బిర్యానీ వైపు నడుస్తారు. కొత్త పాట పల్లవి అందుకున్నాక తిరిగి వస్తారు గానీ, సగం మందే.

ఇంగ్లిష్ హౌస్ పాటల (క్లబ్బుల్లో వేసే డాన్స్ పాటలు) మధ్య ఇలా జరగదు. జానపదం నుంచి సినిమా పాటకో, సినిమా పాట నుంచి జానపదానికో వెళ్లేటప్పుడే ఈ గొడవ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కొత్త పరికరాలు కొనమని మాత్రం చెప్పకండి, ఈ సీజన్‌కు నా వల్ల కాదు.

బురుజు బేస్ · కర్నూలు · ఆదివారం ఉదయం 7:15

తమ్ముడూ, ఒకే ప్రశ్న. మొదటి పాటను ఎక్కడ వదులుతున్నావు?

టవర్‌క్లాక్ కుర్రాడు · అనంతపురం · ఆదివారం ఉదయం 9:02

రెండో చరణంలో కొత్త పాట ఫేడర్ (శబ్దం పెంచే మీట) లేపడం మొదలుపెడతానన్నా. చివరి పల్లవి వచ్చేసరికి పూర్తిగా కొత్త పాటలో ఉంటాను.

బురుజు బేస్ · కర్నూలు · ఆదివారం ఉదయం 9:40

అయితే ఫేడర్ లేపకముందే జనం చల్లబడ్డారు. కొత్త పాట మీద నింద వేస్తున్నావు గానీ, తప్పంతా రెండో చరణానిది.

మన సినిమా పాటలో జనానికి నోటికి వచ్చేది పల్లవి. మొదటి చరణం సగం మందికి వస్తుంది. రెండో చరణం పాట రాసినవాళ్లకు, పాడినవాళ్లకు తప్ప ఎవరికీ రాదు. అది వినిపించగానే నోళ్లు ఆగిపోతాయి, నోటి వెనకే కాళ్లు. మొదటి చరణం అయ్యాక పల్లవి మళ్లీ వస్తుంది కదా, అందరూ గొంతు కలిపే చోటు అదే. ఆ పల్లవి చివరి మాట పడగానే కొత్త పాట ఉండాలి. పాట ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉంటుంది, ఉండనీ. దానికి మనం బాకీ ఏమీ లేదు.

ఇక లెక్క. నాలుగు బీట్లు ఒక బార్, ఎనిమిది బార్లు ఒక వాక్యం అనుకో, మొత్తం 32 బీట్లు. 128 బీపీఎం దగ్గర అది సరిగ్గా 15 సెకన్లు, 100 దగ్గర 19 సెకన్ల చిల్లర. హౌస్ పాటలన్నీ ఈ కొలతకే కడతారు, ముందూ వెనకా డీజే కోసమే ఖాళీ బీటు వదులుతారు. అందుకే అవి నీకు ఇబ్బంది పెట్టడం లేదు. సినిమా పాట అలా ఉండదు. పల్లవి 24 బీట్లకు ముగియవచ్చు, మధ్యలో రెండు బీట్లు అదనంగా దూరవచ్చు, మొదట్లో ఆలాపనో వేణువో తప్ప తాళమే ఉండకపోవచ్చు. సింక్ బీటును కలుపుతుంది. వాక్యాన్ని కలపదు. వాక్యం నువ్వు వినాలి.

మెరవణి మాస్టర్ · ఆదోని · ఆదివారం మధ్యాహ్నం 1:20

బురుజు అన్న చెప్పింది నిజమే గానీ ఒక మాట చేర్చాలి. నేను వాయించేది ఎక్కువగా మెరవణుల్లో. గుంపులో తెలుగు వాళ్లు, కన్నడం వాళ్లు, ఉర్దూ వాళ్లు అందరూ ఉంటారు. పాట మారడమే కాదు, భాష కూడా మారుతుంది. అప్పుడు సగం మందికి రాబోయేది ఏ పాటో తెలిసేలోపే కాళ్లు ఆగుతాయి.

కాబట్టి నేను ముందే రుచి చూపిస్తాను. పాత పాట తాళం నడుస్తుండగానే కొత్త పాట పల్లవిలో ఒక్క ముక్క, రెండు సెకన్లు, వినిపించి ఆపేస్తాను. గుంపులో ఒక మూల నుంచి అరుపు వస్తుంది. మళ్లీ పాత తాళమే నాలుగు బార్లు. ఆ తర్వాత అసలు పాట. ఈలోగా తెలిసినవాళ్లు తెలియనివాళ్లను లాగి తెస్తారు. ఇందుకు ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక క్యూ పాయింటు (పాటలో ముందే గుర్తు పెట్టుకున్న చోటు) చాలు.

పాత క్యాసెట్ · కడప · ఆదివారం రాత్రి 8:05

పిల్లలూ, అందరూ పాట ఎక్కడ వదలాలో చెబుతున్నారు. ఎలా వదలాలో కూడా చెప్పండి. ఈ కుర్రాడు ఫేడర్ 'లేపడం మొదలుపెడతాను' అన్నాడు. అంటే ఆ ఇరవై సెకన్లూ రెండు పాటల బేసూ కలిసి మోగుతోంది. రెండూ ఒకే తలుపులోంచి ఒకేసారి దూరబోతాయి, ఏదీ బయటికి రాదు.

రెండు కిక్‌లు (పెద్ద డ్రమ్ము దెబ్బలు) పది ఇరవై మిల్లీసెకన్లు తేడాగా పడితే దెబ్బ ఒకటిగా వినిపించదు, గుండె మీద పడాల్సింది నేల మీద దొర్లుతుంది. తరంగాలు ఎదురెదురైన చోట బేసు తగ్గిపోతుంది కూడా. దాని పైన, రెండు బేసులు కలిసి యాంప్‌ను నిండుగా తినేస్తే లిమిటరు (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) దిగుతుంది. దిగినప్పుడు అది బేసును మాత్రమే నొక్కదు, గొంతునూ తాళాన్నీ కలిపి నొక్కుతుంది. జనరేటరు మీద నడిచే సెట్టులో ఇది ఇంకా ఘోరం. నువ్వు రెండు పాటలు వేశావు, వాళ్లకు ఒక పాట కన్నా తక్కువ వినిపించింది. బిర్యానీ వైపు నడవక ఏం చేస్తారు?

చేయాల్సింది ఇది. కొత్త పాట బేస్ నాబ్ పూర్తిగా ఎడమకు, శూన్యానికి తిప్పి ఉంచు. ఆ స్థితిలోనే ఫేడర్ లేపు. పైన తాళాల గలగల, గొంతు ఉంటే గొంతు, అంతే వినిపిస్తుంది. పాత పాట బేసు గది మొత్తాన్ని మోస్తూనే ఉంటుంది. వాక్యం ముగిసి కొత్త 'ఒకటి', అంటే తర్వాతి వాక్యం తొలి బీటు, పడే క్షణాన రెండు చేతులతో రెండు నాబ్‌లూ ఒకేసారి తిప్పు: పాతది కిందికి, కొత్తది మధ్యకు. మెల్లగా కాదు, ఒక బీటులో అయిపోవాలి. చివరి ఒక్క బార్ రెండింట్లోనూ బేసు లేకుండా ఉంచితే ఇంకా మంచిది. నాలుగు దెబ్బల లోటు తర్వాత వచ్చిన బేసు, శబ్దం పెంచకుండానే పెద్దగా వినిపిస్తుంది.

కేసీ కెనాల్ · ప్రొద్దుటూరు · ఆదివారం రాత్రి 9:30

పెద్దాయన వచ్చారంటే ఇక మాకు పని లేదు :)

సినిమా పాట మొదట్లో తాళమే ఉండకపోవచ్చని బురుజు అన్న అన్నాడు కదా, ఆ తాళం సంగతికి చిన్న చరిత్ర. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ వేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెబుతారు. ఆయన గమనించింది ఒకటే: ఆడేవాళ్లు పాట మొత్తానికి ఆడడం లేదు, పాటలో గొంతూ వాయిద్యాలూ ఆగి తాళం ఒక్కటే మోగే ఆ కొద్ది సెకన్ల కోసం కాచుకుని ఉన్నారు. దాన్ని పొడిగించడానికి ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, ఒకటి అయిపోగానే రెండోదానికి మారేవాడు. ఇప్పుడు లూప్ బటన్ చేసే పని అదే. బీట్లు కలపడం అంతకన్నా ముందే ఉంది. అదే నగరంలో ఫ్రాన్సిస్ గ్రాసో 1960ల చివర్లోనే చేశాడు, డీజేలు వాడే టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్కెట్లోకి వచ్చింది 1972లో.

మన పాటల్లోనూ ఆ ముక్క ఉంటుంది. పల్లవికీ చరణానికీ మధ్య డప్పు ఒక్కటే మోగే చోటు. ఇంట్లో కూర్చుని ప్రతి పాటలో అది వెతికి, ఎనిమిది బీట్ల లూప్‌గా దాచిపెట్టుకోండి. ఆలాపనతో మొదలయ్యే పాటకు ముందు దాన్నే అతికిస్తే, సినిమా పాటకు లేని తాళపు ముఖం వచ్చేస్తుంది. పాట ముగింపుకూ అంతే.

బురుజు బేస్ · కర్నూలు · ఆదివారం రాత్రి 10:10

> మెల్లగా కాదు, ఒక బీటులో అయిపోవాలి

పెద్దాయనతో ఇంతవరకూ ఏకీభవిస్తాను. అసలు కొత్త పాటను బేసు లేకుండా అంతసేపు ఎందుకు నడపాలి? ఇబీసా దీవి క్లబ్బుల్లో నాలుగు గంటలు ఆడేవాళ్ల కోసం పుట్టిన పద్ధతి అది. వినాయక నిమజ్జనం రోజు కర్నూలులో వినాయక ఘాట్ వైపు బండ్లు కదులుతున్నప్పుడు, ముందు బండి శబ్దం, వెనక బండి శబ్దం, మధ్యలో మనం. అక్కడ సన్నటి కలయికలు ఎవరికి వినిపిస్తాయి? నేను కోస్తాను. పల్లవి చివరి మాట, ఒక బీటు నిశ్శబ్దం, కొత్త పాట తొలి దెబ్బ. ఆ ఒక్క బీటు నిశ్శబ్దంలో వచ్చే అరుపు ఏ ఎఫెక్టులోనూ రాదు.

పాత క్యాసెట్ · కడప · సోమవారం ఉదయం 6:30

కోత మంచిదే. నేనూ కోస్తాను. కానీ ప్రతి పాటకూ కోస్తే మూడో పాటకే జనానికి తెలిసిపోతుంది, అరుపు రాదు. పైగా కోత నిలబడాలంటే కొత్త పాట తొలి దెబ్బకే అందరూ గుర్తుపట్టాలి. అలాంటి పాటలు రాత్రికి ఎన్ని ఉంటాయి? మిగతావాటికి నా నాబ్‌లే దిక్కు.

బురుజు బేస్ · కర్నూలు · సోమవారం ఉదయం 8:12

ఎన్ని ఉంటే అన్నే వేస్తాను పెద్దాయనా. గుర్తుపట్టని పాట మెరవణిలో నాకెందుకు?

చిత్రావతి · ధర్మవరం · సోమవారం మధ్యాహ్నం 2:45

మీ ఇద్దరి మధ్యకు రావడం లేదు గానీ, ప్రశ్న అడిగినతను ఒక మాట చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. హౌస్ పాటల మధ్య ఇబ్బంది లేదు, జానపదానికీ సినిమా పాటకూ మధ్యే అన్నాడు. దానికి బేసు ఒక్కటే కారణం కాదు.

మన డప్పు పాటల్లో చాలా వాటిలో ప్రతి బీటూ మూడుగా విరుగుతుంది. ఆరు మాత్రల నడక. మాస్ సినిమా పాటల్లో, హౌస్‌లో బీటు రెండుగా, నాలుగుగా విరుగుతుంది. తెర మీద రెండూ 100 అని చూపిస్తాయి, సింక్ నొక్కితే పెద్ద దెబ్బలు కలుస్తాయి. కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకదాంట్లో మూడు చిన్న దెబ్బలు, ఇంకోదాంట్లో నాలుగు. అవి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. చెవికి 'ఏదో తేడాగా ఉంది' అంతే తెలుస్తుంది, కాళ్లకు మాత్రం వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఒక నడకలో భుజం ఊగుతుంది, ఇంకో నడకలో మోకాలు ఎగురుతుంది. ఆ ఇరవై సెకన్లూ ఏది చేయాలో వాళ్లకు తెలియదు.

ఇలాంటి రెండు పాటల తాళాలను ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి మోగనివ్వకూడదు. ఒకదాని తాళం, ఇంకోదాని గొంతు. లేదా బురుజు అన్న కోత.

ఇంకో సంగతి. ఈ ఆరు మాత్రల పాటలను సాఫ్ట్‌వేర్ తరచూ తప్పుగా లెక్కిస్తుంది. 90 ఉన్నదాన్ని 135 అంటుంది, 85ను 127 అంటుంది, అంటే ఒకటిన్నర రెట్లు. మీ పాటల పట్టికలో బీపీఎం చూసి 'ఇది 128కి దగ్గరగా ఉంది' అనుకుని కలిపేస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. ప్రతి జానపదాన్నీ కాలితో తట్టుకుని సరిచేయాల్సిందే.

టవర్‌క్లాక్ కుర్రాడు · అనంతపురం · సోమవారం రాత్రి 7:20

అక్కా, ఇప్పుడే చూశాను. నా దగ్గరున్న జానపదాల్లో చాలా వాటికి 125కు పైనే చూపిస్తోంది. కాలితో తడితే 84, 86 వస్తున్నాయి. నేను ఇన్నాళ్లూ వాటినే 128 పాటలతో కలుపుతున్నాను!

శ్రుతి సంగతి కూడా అడగనా? శ్రుతులకు నంబర్లు వేసిన కేమ్‌లాట్ చక్రంలో 8ఎ నుంచి పక్కనున్న 9ఎకు వెళ్లమంటారు కదా, దానివల్ల జోరు నిలుస్తుందా?

కేసీ కెనాల్ · ప్రొద్దుటూరు · సోమవారం రాత్రి 7:55

రెండు పాటల రాగాలు కలిసి మోగితేనే ఆ చక్రం పని. తాళం మీద తాళం, లేదా తాళం మీద గొంతు వేస్తే శ్రుతి పెద్దగా అడ్డురాదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే బటన్) తీసి వేగం 6 శాతం మారిస్తే శ్రుతి దాదాపు ఒక సెమిటోన్ మారిపోతుంది. లాక్ వేసి మరీ ఎక్కువ లాగితే నాదస్వరం, గొంతు వణుకుతాయి. అంతకు మించి దీని మీద రాత్రులు పాడుచేసుకోనక్కర్లేదు.

మెరవణి మాస్టర్ · ఆదోని · సోమవారం రాత్రి 9:15

శబ్దం స్థాయి గురించి ఎవరూ మాట్లాడలేదే? పాత పాటలు చిన్నగా రికార్డయి ఉంటాయి, కొత్తవి గోడ కట్టినట్టు పెద్దగా ఉంటాయి. కొత్త దాని నుంచి పాత దానికి వెళ్తే తాళం, శ్రుతి అన్నీ కలిసినా జనానికి కరెంటు పడిపోయినట్టే ఉంటుంది. హెడ్‌ఫోన్లో వింటున్నప్పుడే గెయిన్ నాబ్‌తో రెండు మీటర్లూ సమానం చేసుకోండి. రాత్రి ఎనిమిదికే ఎర్ర దీపాల్లో వాయిస్తే తర్వాత వెళ్లడానికి పైన చోటు ఉండదు.

మెరవణుల్లో వాయించేవాళ్లకు ఇంకొకటి. స్పీకర్లు ఒక బండి మీద, మనం వెనక ఇంకో బండి మీద ఉంటాం. శబ్దం సెకనుకు 350 మీటర్ల లోపే పోతుంది. 35 మీటర్ల దూరం ఉంటే దాదాపు సెకనులో పదో వంతు ఆలస్యంగా మన చెవికి చేరుతుంది. 120 బీపీఎంలో ఒక బీటు అర సెకను. అంటే మనం వినేది బీటులో ఐదో వంతు పాతది. దాన్ని విని చేత్తో బీటు సరిచేస్తే ఉన్నది చెడుతుంది. రెండు పాటలనూ హెడ్‌ఫోన్లోనే వినండి. అదీ వైరు ఉన్నదే, బ్లూటూత్‌లో ఆలస్యం మళ్లీ మొదటికొస్తుంది.

నిర్వాహకుడు · సోమవారం రాత్రి 10:01

మెరవణుల మాట వచ్చింది కాబట్టి ఒక గుర్తుచేత. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ, ఏడాదిలో 15 రోజులకు మించదు. మూసి ఉన్న ఫంక్షన్ హాళ్ల సంగతి వేరు. అసలు చర్చ కొనసాగించండి.

మెరవణి మాస్టర్ · ఆదోని · సోమవారం రాత్రి 10:20

అందుకే నా గట్టి పాటలన్నీ 9 నుంచి 9:45 మధ్యే. పదింటికి పోలీసులు ఆపితే అది ముగింపు కాదు, కోత :)

టవర్‌క్లాక్ కుర్రాడు · అనంతపురం · మంగళవారం ఉదయం 10:30

ఒక్క ప్రశ్న మిగిలింది. 100 దగ్గర సినిమా పాట నడుస్తోంది, తర్వాత 128 పాట వేయాలి. మధ్యలో 28 శాతం తేడా. కోతకు ఎప్పుడూ ధైర్యం చాలదు. ఏం చేయాలి?

పాత క్యాసెట్ · కడప · మంగళవారం మధ్యాహ్నం 12:15

చెక్కభజన చూశావా? గురువు పాటను నెమ్మదిగా ఎత్తుకుంటాడు. వేగం పెంచేది పాట మధ్యలో కాదు, అడుగు మారే చోట. కుర్రాళ్లు అడుగు మారుస్తున్న హడావుడిలో వేగం పెరిగిందని కూడా గమనించరు. నువ్వూ అంతే చెయ్యి. 100, 104, 108 అని ఒక్కో పాటకూ కొంచెం కొంచెం ఎక్కు. పెంచేటప్పుడు గొంతు ఉండకూడదు, తాళం ఒక్కటే మోగే చోట వేగం ఫేడర్ జరుపు.

బురుజు బేస్ · కర్నూలు · మంగళవారం మధ్యాహ్నం 1:00

అంత ఓపిక లేకపోతే ఇది. పల్లవి చివరి మాట అయ్యాక డప్పు ముక్కను నాలుగు బీట్ల లూప్‌లో పెట్టు. రెండుసార్లు తిరగనీ. లూప్‌ను సగం చేసి రెండు బీట్లు, రెండుసార్లు. మళ్లీ సగం, ఒక బీటు, రెండుసార్లు. మళ్లీ సగం, నాలుగుసార్లు. మొత్తం 16 బీట్లు, 100 దగ్గర పది సెకన్ల లోపే. ఆ సమయమంతా ఎడమ చేత్తో ఫిల్టర్ తిప్పుతూ బేసు నుంచి మొదలుపెట్టి కింది శబ్దాన్ని తీసేస్తూ ఉండు. చివరికి టకటక మాత్రమే మిగులుతుంది. అప్పుడు ఎకో వేసి ఫేడర్ మూసెయ్యి. తోక వినిపిస్తుండగా 128 తొలి దెబ్బ. టకటక వేగానికి అలవాటు పడ్డ చెవి 28 శాతం తేడాను పట్టించుకోదు.

లూప్ కుదింపు మాత్రం రాత్రికి రెండు మూడుసార్లకు మించి వాడకు. ప్రతి పాటకూ మోటారు సైకిలు స్టార్టు చేసినట్టు వినిపించే డీజేలను చాలామందిని చూశాం.

కేసీ కెనాల్ · ప్రొద్దుటూరు · మంగళవారం సాయంత్రం 5:40

స్టెమ్స్ (పాటలో గొంతు, తాళం విడివిడిగా తీసే సదుపాయం) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే పాత పాట గొంతు తీసేసి డప్పు ఒక్కటే ఉంచి, దాని మీద కొత్త పాట గొంతు వేయవచ్చు. అల్గోరిడిమ్ వాళ్ల djay యాప్‌లో 2020 నుంచి, సెరాటో సాఫ్ట్‌వేర్‌లో 2022 నుంచి ఉంది. పాత ల్యాప్‌టాప్ మీద మాత్రం వేదిక ఎక్కాక ప్రయత్నించకండి. ఇంట్లో విడగొట్టి ఫైళ్లుగా దాచుకుని తీసుకెళ్లండి.

చిత్రావతి · ధర్మవరం · మంగళవారం రాత్రి 8:50

సాఫ్ట్‌వేర్ 85ను 127 అని తప్పుగా చూపిస్తుందన్నాను కదా. ఆ తప్పులో ఒక దారి ఉంది.

ఆరు మాత్రల పాట 85 దగ్గర నడుస్తుంటే, ఒక్కో బీటులో మూడు చిన్న దెబ్బలు: నిమిషానికి 255. హౌస్ పాట 128లో బీటుకు రెండు చిన్న దెబ్బలు: నిమిషానికి 256. చిన్న దెబ్బల వేగం రెండింట్లోనూ ఒకటే! మూడు చొప్పున లెక్కపెడితే జానపదం, రెండు చొప్పున లెక్కపెడితే హౌస్.

కాబట్టి అలాంటి పాటకు రెండో ప్రతి తీసి, దాని గ్రిడ్‌ను (సాఫ్ట్‌వేర్ బీట్లు గుర్తుపెట్టే గీతలు) కావాలనే 127.5 దగ్గర ఉంచండి. మామూలుగా కలపడానికి 85 ప్రతి, 128కి ఎక్కడానికి ఈ ప్రతి. పల్లవి అయ్యాక ఇందులో అర బీటు లూప్ వేస్తే సరిగ్గా ఒక చిన్న దెబ్బ దొరుకుతుంది. 'టక్ టక్ టక్ టక్' అని సమానంగా మోగుతుంది. అందులో మూడూ లేదు, రెండూ లేదు. ఒక వాక్యం పాటు దాన్ని అలాగే నడవనిచ్చి, దాని కింద 128 పాట కిక్ తీసుకురండి. భుజాలు ఊపుతున్నవాళ్లు ఎగరడం మొదలుపెడతారు, మధ్యలో ఎవరూ ఆగరు. ఈ గ్రిడ్ మీద సింక్ కూడా పనిచేస్తుంది, తేడా అర శాతం కూడా లేదు.

బురుజు బేస్ · కర్నూలు · మంగళవారం రాత్రి 9:05

అమ్మా చిత్రావతీ, ఇన్ని రోజులూ ఇది ఎక్కడ దాచావు? ఇప్పుడే వేసి చూశాను. కోత అక్కర్లేదు అనను గానీ, ఈ ఒక్కచోటికి కోత అక్కర్లేదు.

టవర్‌క్లాక్ కుర్రాడు · అనంతపురం · మంగళవారం రాత్రి 9:30

అక్కా, నేను లూప్ వేస్తే 'టక్' రావడం లేదు, 'దబ్‌దబ్‌దబ్' అని గుడగుడలాడుతోంది.

చిత్రావతి · ధర్మవరం · మంగళవారం రాత్రి 9:42

పెద్ద దెబ్బ మీద లూప్ పట్టావు, అందులో బేసు ఉంది. డప్పు రెండు పుల్లలతో కదా వాయిస్తారు. లావుపాటి సిర్ర పడిన చోటు వదిలేసి, సన్నటి చిటికెన పుల్ల పడిన చోట పట్టు. సాధారణంగా మూడింట్లో రెండోదో మూడోదో అవుతుంది. తరంగ చిత్రంలో పొట్టిగా, సూదిలా కనిపిస్తుంది. అక్కడ క్యూ పాయింటు పెట్టి, పాత క్యాసెట్ గారి మాట ప్రకారం బేస్ నాబ్ కూడా ముందే ఎడమకు తిప్పి ఉంచు.